పుల్ అప్ అన్నాక ఎందుకని అడగకూడదు

విమానంలో గాలి పీడనాన్ని బట్టి ఎత్తు చెప్పే ఆల్టిమీటర్ 3,000 అడుగులు చూపిస్తోందనుకుందాం. చెన్నై మీద అయితే విమానం కింద 2,950 అడుగుల ఖాళీ ఉన్నట్టు. శంషాబాద్ మీద అదే 3,000కి కింద మిగిలేది వెయ్యి అడుగుల లోపే. దక్కన్ పీఠభూమి సముద్రమట్టానికి అంత ఎత్తున ఉంది మరి. రాజీవ్ గాంధీ విమానాశ్రయం ఎత్తు 2,024 అడుగులు, చెన్నైది 50 చిల్లర. ఆల్టిమీటర్‌కి తెలిసింది సముద్రమట్టం ఒక్కటే, కింద ఉన్న నేల సంగతి దానికి పట్టదు. పొద్దున్నుంచి మూడు తీర నగరాల్లో దిగి, రాత్రి నాలుగో ల్యాండింగ్‌కి హైదరాబాద్ వచ్చే పైలట్ ఈ రెండు వేల అడుగుల తేడాని ప్రతిసారీ గుర్తు చేసుకోవాల్సిందే.

అందుకే అనుభవమున్నవాళ్లు దూరం, ఎత్తుల లెక్క తలలో వేసుకుంటూ దిగుతారు. 3 డిగ్రీల వాలులో దిగే విమానం ఒక్కో నాటికల్ మైలుకి 318 అడుగుల చొప్పున కిందికి వస్తుంది. రన్‌వే అంచు మీద ఉండాల్సిన 50 అడుగులు, దానికి శంషాబాద్ ఎత్తు కలిపితే 10 మైళ్ల దగ్గర సుమారు 5,250, 6 మైళ్ల దగ్గర 3,980, 4 మైళ్ల దగ్గర 3,350 అడుగులు ఉండాలి. 3,000 అనే అంకె కనపడాల్సింది దాదాపు 3 మైళ్ల దగ్గర. అది 8 మైళ్ల దగ్గరే కనపడిందంటే విమానం ఉండాల్సిన దారికి 1,600 అడుగులు కిందుగా వెళ్తోందన్నమాట. అప్పటికీ, నేల ముంచుకొస్తే ‘పుల్ అప్’ (పైకి లేపు) అని అరిచే హెచ్చరిక యంత్రం నోరు మెదపకపోవచ్చు. ఎందుకంటే నేలకి ఇంకా వెయ్యి అడుగుల దూరం ఉంది. యంత్రం పలికేది లెక్క తప్పినప్పుడు కాదు, లెక్క తప్పి నేల దగ్గరికి వచ్చేశాక. ఈ సంగతి తెలిసిన పైలట్ దాని మౌనాన్ని శుభవార్తగా తీసుకోడు.

1974 డిసెంబరు 1న అమెరికాలో వాషింగ్టన్ డల్లెస్‌కి వస్తున్న టీడబ్ల్యూఏ 514 విమానం వర్జీనియాలో ఒక కొండని ఢీకొంది. 92 మంది చనిపోయారు. విమానంలో ఏ లోపమూ లేదు. పైలట్ల అదుపులోనే ఉంటూ, ఎదురుగా కొండ ఉందని తెలియక వెళ్లి గుద్దుకుంది. ఆ ప్రమాదం తర్వాతే పెద్ద జెట్ విమానాల్లో నేల సామీప్య హెచ్చరిక వ్యవస్థని, అంటే జీపీడబ్ల్యూఎస్‌ని అమెరికా తప్పనిసరి చేసింది. దాని వెనక ఉన్న ఇంజినీరు డాన్ బేట్‌మన్. తొలి తరం యంత్రానికి కళ్లు ముందుకి లేవు, కిందికే ఉన్నాయి. విమానం పొట్ట కింద ఉండే రేడియో ఆల్టిమీటర్ నేలకి రేడియో తరంగం పంపి, అది తిరిగొచ్చే సమయాన్ని బట్టి ఎత్తు చెబుతుంది. అది 2,500 అడుగుల లోపే పనిచేస్తుంది. దిగే రేటు, వేగం, చక్రాలు, రెక్కల వెనకంచున దించే ఫ్లాప్‌ల స్థితి, దిగాల్సిన వాలుని చూపే గ్లైడ్‌స్లోప్ రేడియో సంకేతం ఈ ఎత్తుతో కలిపి చూసి యంత్రం ఒక నిర్ణయానికి వస్తుంది.

అప్రోచ్‌లో, అంటే రన్‌వే వైపు దిగే దశలో, వినపడే ఒక్కో మాట వెనక ఒక్కో లెక్క ఉంది. ‘సింక్ రేట్’ అంటే ఈ ఎత్తులో దిగాల్సిన దానికన్నా వేగంగా దిగుతున్నావని. ‘టెర్రెయిన్ టెర్రెయిన్’ అంటే నేలే పైకి లేచి ఎదురొస్తోందని. చక్రాలు దించకుండా 500 అడుగుల లోపుకి, 190 నాట్ల లోపు వేగంతో వస్తే ‘టూ లో గేర్’ అంటుంది. చక్రాలు దిగినా ఫ్లాప్‌లు ల్యాండింగ్ స్థితికి రాకుండా 245 అడుగుల లోపుకి వస్తే ‘టూ లో ఫ్లాప్స్’. సూచిక మీది గుర్తుల లెక్కలో గ్లైడ్‌స్లోప్‌కి 1.3 చుక్కలు కిందికి జారితే మెల్లగా ‘గ్లైడ్‌స్లోప్’ అంటుంది. 300 అడుగుల లోపు ఆ తేడా 2 చుక్కలకి పెరిగితే అదే మాట గట్టిగా పలుకుతుంది. ఇవి విస్తృతంగా వాడే హనీవెల్ యంత్రాల హద్దులు. మోడల్‌ని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటాయి.

‘సింక్ రేట్’ గురించి హైదరాబాద్ వేసవి దృష్టితో ఒక మాట. ఆల్టిమీటర్ పక్కనే ఉండే వేగసూచిక 140 నాట్లు చూపిస్తున్నా, మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో పల్చబడ్డ గాలి వల్ల అసలు వేగం 152 నాట్ల దాకా ఉంటుంది. అదే 3 డిగ్రీల వాలుకి నిమిషానికి 745 అడుగులు దిగాల్సింది 805 అవుతుంది. వెనక నుంచి 10 నాట్ల గాలి తోడైతే 860. స్థిరమైన అప్రోచ్‌కి సాధారణంగా విమానయాన సంస్థలు పెట్టుకునే గరిష్ఠ హద్దు 1,000. అంటే వేసవిలో అంతా సక్రమంగా ఉన్నప్పుడే హద్దుకి చేరువలో దిగుతున్నట్టు. కాస్త ఎత్తుగా వచ్చి, దాన్ని సరిచేయడానికి ముక్కు దించితే ‘సింక్ రేట్’ వినపడటానికి ఎంతోసేపు పట్టదు.

పాత యంత్రానికి ముందుచూపు లేకపోవడమే పెద్ద లోపం. నిటారుగా లేచిన కొండ ముందు అది చివరి క్షణాల్లోగాని అరవలేదు. 1995 డిసెంబరు 20న కొలంబియాలో కాలి నగరానికి వస్తున్న అమెరికన్ ఎయిర్‌లైన్స్ 965 అలాగే కొండని గుద్దుకుంది. 159 మంది చనిపోయారు. ఆ తర్వాత ప్రపంచమంతా మెరుగుపరిచిన జీపీడబ్ల్యూఎస్‌కి, అంటే ఈజీపీడబ్ల్యూఎస్‌కి మారింది. నేల ఎత్తుపల్లాల పటం, రన్‌వేల జాబితా దాని జ్ఞాపకంలో ఉంటాయి. జీపీఎస్‌తో తానెక్కడ ఉందో తెలుసుకుని, ముందున్న నేలకి దాదాపు నిమిషం దూరంలో జాగ్రత్త పడమంటుంది, అర నిమిషం దూరంలో ‘పుల్ అప్’ అంటుంది. రన్‌వే లేని చోట నేలకి మరీ దగ్గరగా వస్తే ‘టూ లో టెర్రెయిన్’ అంటుంది. 2008 మార్చి 23న బేగంపేట నుంచి వాణిజ్య విమానాలు శంషాబాద్‌కి తరలాయి. ఆ రోజు జాబితాలో కొత్త రన్‌వే లేని యంత్రానికి శంషాబాద్ అంటే ఖాళీ పొలాలే. అక్కడ సరిగ్గా దిగుతున్న విమానాన్నీ వద్దని అరుస్తుంది. కొత్త డేటాబేస్ ఎక్కించడం ఇంజినీరింగ్ విభాగం పనే అయినా, అది ఎక్కలేదన్న సంగతి బయటపడేది మాత్రం చివరి నాలుగైదు మైళ్లలో, పైలట్ చెవిలో.

దీనికి తిరగేసిన లోపం కూడా ఉంది, హైదరాబాద్ దానికి మంచి ఉదాహరణ. ఈ నగరం చుట్టూ శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ ఉన్నాయి. పొరపాటున వేరే రన్‌వేకి గురిపెడితే యంత్రం కిక్కురుమనదు. అక్కడ రన్‌వే ఉన్నట్టు దానికి తెలుసు. అది ఏ ఊరి టికెట్టో అడగదు.

ఇక హెచ్చరిక వచ్చినప్పుడు ఏం చేయాలన్నది. అంబర్ రంగులో వచ్చేది జాగ్రత్త పడమనే మాట, ఎర్ర రంగులో వచ్చేది ఆజ్ఞ. ‘సింక్ రేట్’, ‘గ్లైడ్‌స్లోప్’ మొదటి కోవకి చెందినవి. దిగే రేటు తగ్గించి దారిలోకి రావాలి. స్థిర అప్రోచ్ హద్దు దాటాక, అంటే మేఘాల్లో 1,000 అడుగులు, చూపు స్పష్టంగా ఉంటే 500 అడుగుల లోపు ఆ మాట మళ్లీ మళ్లీ వినపడుతుంటే సరిచేయడం మానేసి గో అరౌండ్ చేయడమే, అంటే దిగకుండా మళ్లీ పైకి వెళ్లడమే పద్ధతి. ‘పుల్ అప్’కి మాత్రం గో అరౌండ్ చాలదు. శిక్షణలో చాలామంది ఇక్కడే పొరబడతారు. గో అరౌండ్‌లో చేతులు అలవాటైన వరుసలో కదులుతాయి. ముక్కు 15 డిగ్రీలు, ఫ్లాప్ ఒక మెట్టు పైకి, ఎక్కుతున్నామని తేలగానే చక్రాలు పైకి. ‘పుల్ అప్’కి చేసే ఎస్కేప్‌లో, అంటే నేల నుంచి తప్పించుకోవడంలో, ఆ వరుస ఉండదు.

ఎయిర్‌బస్‌లో ఆటోపైలట్ తీసేసి సైడ్ స్టిక్‌ని పూర్తిగా వెనక్కి లాగి అక్కడే పట్టుకోవాలి. సగం లాగి చూద్దాం అనడం కుదరదు. సాధారణ స్థితిలో ఉన్న ఎయిర్‌బస్ కంప్యూటర్లు విమానం స్టాల్ కాకుండా, అంటే రెక్కలు పట్టు కోల్పోయి పడిపోకుండా, చూసుకుంటాయి కాబట్టే ఆ పూర్తి లాగుడు సాధ్యం. ఇంజిన్ల తోపుని పెంచే థ్రస్ట్ లీవర్లు చివరిదాకా ముందుకి. రెక్కలు సమంగా. రెక్కల మీద లేచి వేగం తగ్గించే స్పీడ్ బ్రేక్ లోపల ఉందో లేదో చూడాలి. బోయింగ్ 737లో ఆటోపైలట్, థ్రస్ట్‌ని తానే సర్దే ఆటోత్రాటిల్ రెండూ తీసేసి గరిష్ఠ థ్రస్ట్ పెట్టి, ముక్కుని మొదట 20 డిగ్రీలకి లేపాలి. నేల ఇంకా ముప్పుగానే ఉంటే స్టాల్ దగ్గరపడిందని హెచ్చరించే స్టిక్ షేకర్ వణికే దాకా, లేదా తెరమీది పిచ్ హద్దు దాకా పెంచాలి. ఫ్లాప్‌లు, చక్రాలు ఎక్కడున్నవి అక్కడే ఉండాలి. ఫ్లాప్ తీస్తే లిఫ్ట్, అంటే రెక్కలు పైకెత్తే బలం, పోతుంది. చక్రాలు పైకి తీసేటప్పుడు తలుపులు తెరుచుకుని కొద్దిసేపు గాలి నిరోధం పెరుగుతుంది. ఆ క్షణంలో రెండూ అవసరం లేని నష్టాలు.

రెక్కలు సమం చేయమనడానికి లెక్క సులువు. 30 డిగ్రీలు వాలి ఉన్న విమానంలో లిఫ్ట్‌లో 87 శాతమే పైకి పనిచేస్తుంది. ఇంకో భాగం మలుపుకి పోతుంది. కొండని తప్పించుకుందామని పక్కకి తిప్పడం సహజంగా తోచే పని. కానీ పక్కన ఏముందో చీకట్లో తెలియదు, పైన ఏమీ లేదని మాత్రం తెలుసు. థ్రస్ట్ సంగతికొస్తే, ఇంజిన్ ఐడిల్‌లో, అంటే కనీస శక్తిలో ఉంటే పూర్తి శక్తికి రావడానికి సెకన్లు పడతాయి. విమాన ధ్రువీకరణ నియమాలే దీనికి 8 సెకన్లు లెక్కేస్తాయి. అందుకే లీవర్లు ముందుకి తోయడం ముక్కు లేపడంతో పాటే జరగాలి, ఆ తర్వాత కాదు.

స్పీడ్ బ్రేక్ మాట చెక్‌లిస్టులో చిన్న గీతలా కనిపిస్తుంది. కాలి నగరం దగ్గరి ప్రమాదంలో హెచ్చరిక రాగానే పైలట్లు ముక్కు లేపారు, థ్రస్ట్ పెంచారు. దిగడానికి తెరిచిన స్పీడ్ బ్రేకులు మాత్రం రెక్కల మీద తెరిచే ఉన్నాయి. బోయింగ్ 757లో థ్రస్ట్ పెంచినా అవి వాటంతటవి మూసుకోవు. కొండ శిఖరానికి కొద్ది దిగువనే విమానం తగిలింది. ఏ320లో థ్రస్ట్ లీవర్లు టోగాకి, అంటే పూర్తి థ్రస్ట్‌కి నెడితే అవి తమంతట తాము ముడుచుకుంటాయి. అయినా చూసి ఖాయం చేసుకోమంటారు, ఎందుకంటే ఒక్కో విమానం అలవాటు ఒక్కోలా ఉంటుంది, చేతులు మాత్రం పాత విమానాన్నే గుర్తుపెట్టుకుంటాయి.

పక్క సీటు పైలట్‌కి ఆ అర నిమిషంలో ఒకటే పని. థ్రస్ట్ పూర్తిగా ఉందా, స్పీడ్ బ్రేక్ లోపల ఉందా చూసి, రేడియో ఆల్టిమీటర్ అంకెని పైకి చదవడం. 400, 350, 350, 420. నేల దగ్గరవుతోందా దూరమవుతోందా అన్నది విమానం నడిపే వ్యక్తికి ఆ గొంతులోంచే తెలియాలి. నేల మీది కంట్రోలర్లకి, అంటే ఏటీసీకి చెప్పడం తర్వాత. హెచ్చరిక ఆగిపోతే పని అయిపోయినట్టు కాదు. ఒక గుట్ట దాటాక యంత్రం ఊరుకుంటుంది, వెనక ఇంకో గుట్ట ఉండొచ్చు. అక్కడి కనీస సురక్షిత ఎత్తు దాటే దాకా ఎక్కుతూనే ఉండాలి.

చేయాల్సినవి ఇన్నే. మరి ఎందుకు జరగవు?

చాలా సార్లు మనసు ముందుగా వివరణ వెతుకుతుంది. 2012 మే 9న ఇండోనేషియాలో సలాక్ పర్వతం దగ్గర ప్రదర్శన విమానంగా ఎగురుతున్న సుఖోయ్ సూపర్‌జెట్‌కి కొండని తాకడానికి 38 సెకన్ల ముందు మొదటి హెచ్చరిక వచ్చింది. కెప్టెన్ అది డేటాబేస్ లోపమనుకుని యంత్రాన్ని ఆపేశాడు. 45 మంది చనిపోయారు. మొదటి హెచ్చరిక వచ్చిన 24 సెకన్ల లోపు ఎప్పుడు పైకి లేపినా తప్పించుకునేవారని దర్యాప్తులో తేలింది. 24 సెకన్లంటే చాలా ఎక్కువ సమయం. 1983 నవంబరు 27న మాడ్రిడ్‌కి వస్తున్న ఏవియాంకా 747లో ‘పుల్ అప్’ అంటుంటే కెప్టెన్ ‘సరే సరే’ అన్నట్టు జవాబిచ్చాడు. 181 మంది చనిపోయారు. 2010 జులై 28న ఇస్లామాబాద్‌లో ఎయిర్‌బ్లూ ఏ321కి 21 హెచ్చరికలు వచ్చాయి. ఫస్ట్ ఆఫీసర్ పైకి లేపమని అడిగినా మర్గల్లా కొండల్లో విమానం కూలి 152 మంది పోయారు. వీళ్లెవరూ హెచ్చరిక వినకపోలేదు. విన్నారు. దాన్ని తమకి ముందే తెలిసిన కథలో ఇరికించారు.

మన దేశంలో 2010 మే 22న మంగళూరు ప్రమాదం కొండని గుద్దుకున్న రకం కాదు, కానీ రోగం అదే. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 812 మామూలు ఎత్తుకి దాదాపు రెట్టింపు ఎత్తులో వచ్చింది. నిమిషానికి 4,000 అడుగుల దాకా దిగే రేటు పెంచి సరిచేయబోయారు. ‘సింక్ రేట్’, ‘పుల్ అప్’ రెండూ మోగాయి. ఫస్ట్ ఆఫీసర్ గో అరౌండ్ అని ఒకటికి రెండుసార్లు అన్నాడు. కెప్టెన్ ముందుకే వెళ్లాడు. 8,033 అడుగుల రన్‌వేలో విమానం 5,200 అడుగులు దాటాక నేలని తాకింది. 158 మంది చనిపోయారు. ‘సర్’ అని పిలిచే మనిషి చేతిలోంచి కంట్రోల్ తీసుకోవడం మన కాక్‌పిట్లలో ఇప్పటికీ రాసినంత తేలిక కాదు. అందుకే మంచి శిక్షణలో ఫస్ట్ ఆఫీసర్‌కి నేర్పేది సలహా ఇవ్వడం కాదు, రెండోసారి చెప్పినా కదలకపోతే లీవర్లు తానే తోయడం.

వివరణ వెతికే అలవాటుకి కొంత కారణం యంత్రమే. పాత తరం వ్యవస్థలు ఊరికే అరిచేవి. ఒక రన్‌వేకి ముందున్న చిన్న గట్టు మీదుగా వేగంగా వెళ్తే చాలు, రోజూ అదే చోట ‘టెర్రెయిన్’ అనేది. రోజూ పులి అని అరిస్తే ఎవరు నమ్ముతారు? దీనికి ఒక మినహాయింపు పెట్టారు. పగలు, స్పష్టమైన వాతావరణంలో, నేల, అడ్డంకులు కళ్లకి కనిపిస్తుంటే ఆ హెచ్చరికని జాగ్రత్తగా మాత్రమే తీసుకుని తగిన దిద్దుబాటు చేయొచ్చు. మినహాయింపు ఇరుకైనది. రాత్రి అయినా, మేఘం అంచు అయినా, పొగమంచు పొర అయినా అది వర్తించదు. రన్‌వే దీపాలు కనిపించడమంటే నేల కనిపించడం కాదు.

తప్పుడు హెచ్చరికని కూడా పట్టించుకోకపోవడం ఎంత ప్రమాదమో 2009 ఫిబ్రవరి 25న ఆమ్‌స్టర్‌డామ్‌లో తేలింది. టర్కిష్ ఎయిర్‌లైన్స్ 737లో ఎడమవైపు రేడియో ఆల్టిమీటర్ చెడి, విమానం నేలకి 8 అడుగుల కింద ఉన్నట్టు చూపింది. చక్రాలు దించలేదన్న హెచ్చరిక పదేపదే మోగింది. పైలట్లకి అది తప్పని తెలుసు, తోసిపుచ్చారు. కానీ అదే చెడ్డ అంకెని ఆటోత్రాటిల్ నిజమనుకుని, నేలకి దిగినట్టే భావించి ఇంజిన్లని ఐడిల్‌కి లాగేసింది. తొమ్మిది మంది చనిపోయారు. చెడ్డ సెన్సర్ అరుపు ఆపేసినంత మాత్రాన అది ఇంకెవరికి అబద్ధం చెబుతోందో చూడకపోతే పని సగమే అయినట్టు.

ఇక యంత్రం మౌనంగా ఉండిపోయిన రోజు. 2022 మే 23న పారిస్ చార్లెస్ డి గాల్‌లో వర్షంలో దిగుతున్న ఏ320కి కంట్రోలర్ వాతావరణ పీడనాన్ని, అంటే క్యూఎన్‌హెచ్‌ని, 1001 బదులు 1011 అని చెప్పారు. పైలట్లు అదే తిరిగి చదివి అదే పెట్టారు. ఒక్క అంకె. 10 హెక్టాపాస్కల్స్ తేడా అంటే 280 అడుగులు. ఆ రోజు అప్రోచ్ గ్లైడ్‌స్లోప్ మీద ఆధారపడింది కాదు, ఆల్టిమీటర్ ఎత్తు మీద ఆధారపడే ఆర్‌ఎన్‌పీ. అందుకే తెరమీద అంతా ముత్యాల్లా వరుసలో ఉంది. విమానం రన్‌వేకి మైలు దూరంలోపే నేలకి 6 అడుగుల ఎత్తుకి వచ్చేసింది. కాక్‌పిట్‌లో నేల హెచ్చరిక రాలేదు. టవర్‌లో హెచ్చరిక మోగి కంట్రోలర్ చెప్పినా పైలట్లు వినలేదు. కనీస ఎత్తు అనుకున్న చోట రన్‌వే కనపడక గో అరౌండ్ చేశారు కాబట్టి బతికారు.

హైదరాబాద్‌లో ఇలాంటి పొరపాటు పట్టుకోవడానికి ఒక చిన్న మెట్టు చేతిలో ఉంది. రేడియో ఆల్టిమీటర్ మేల్కొని ‘ట్వెంటీ ఫైవ్ హండ్రెడ్’ అన్నప్పుడు ప్రెషర్ ఆల్టిమీటర్ మీద సుమారు 4,500 ఉండాలి. అది 4,800 దాకా చూపిస్తే రెంటిలో ఏదో ఒకటి తప్పు, లేదా కింద గుట్ట ఉంది. రెండూ ఆగి చూడాల్సినవే. జూన్, జులైల్లో పీడనం బాగా పడిపోయే రోజుల్లో పైన ఎగిరేటప్పుడు ఆల్టిమీటర్‌కి పెట్టుకునే స్టాండర్డ్ 1013ని ఆ ఊరి పీడనానికి మార్చడం మర్చిపోతే విమానం అనుకున్నదానికన్నా రెండు మూడు వందల అడుగులు కిందుగా వెళ్తుంది.

ఈ మధ్య దీనికి కొత్త చికాకు తోడైంది. ఈజీపీడబ్ల్యూఎస్‌కి ఎక్కడున్నదీ చెప్పేది జీపీఎస్. దొంగ సంకేతాలతో జీపీఎస్‌ని ఏమారిస్తే యంత్రం వేరే చోట ఉన్నాననుకుని, లేని కొండకి ‘పుల్ అప్’ అంటుంది. 2025 డిసెంబరులో పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు పార్లమెంటుకి ఇచ్చిన సమాధానంలో జీపీఎస్ అంతరాయాల ఫిర్యాదులొచ్చిన నగరాల్లో హైదరాబాద్ పేరు కూడా ఉంది. ఇక్కడ చేయదగ్గ పని పైనున్నప్పుడే చేయాలి. గడియారం తేడా చూపించినా, జీపీఎస్ స్థానం, విమానం తన కదలికల నుంచి తానే లెక్కగట్టే ఇనర్షియల్ స్థానం ఒకదానికొకటి దూరంగా జరిగినా దిగడం మొదలుపెట్టకముందే ఇద్దరూ మాట్లాడుకుని టెర్రెయిన్ బటన్ తీసేయాలా వద్దా తేల్చుకోవాలి. ఆ బటన్ తీసేస్తే పోయేది పటం చూసి చెప్పే ముందుచూపే. రేడియో ఆల్టిమీటర్‌తో నడిచే ‘సింక్ రేట్’, ‘టూ లో గేర్’, ‘గ్లైడ్‌స్లోప్’ పనిచేస్తూనే ఉంటాయి. పక్కనున్న సిస్టమ్ బటన్ తీస్తే అవీ పోతాయి. రెండు బటన్లూ వేలెడు దూరంలోనే ఉంటాయి. అలా ముందే తేల్చుకోకుండా 1,200 అడుగుల దగ్గర ‘పుల్ అప్’ వినపడితే మాత్రం అది జీపీఎస్ మోసమా నిజమా అన్న చర్చకి చోటు లేదు. లాగాలి.

దిగాక పని ఇంకా ఉంటుంది. విమానం సాంకేతిక విషయాలు రాసే టెక్ లాగ్‌లో హెచ్చరిక పేరు, ఎత్తు, వేగం, ఫ్లాప్‌ల స్థితి రాయాలి. కాక్‌పిట్ మాటల రికార్డర్ చాలా విమానాల్లో చివరి రెండు గంటలే దాచుకుంటుంది. తర్వాతి ప్రయాణానికి బయల్దేరితే పాతదాని మీద కొత్తది ఎక్కేస్తుంది. కాబట్టి పార్కింగ్‌లో ఇంజిన్లు ఆపగానే దాని సర్క్యూట్ బ్రేకర్ లాగించడం ఇంజినీరుకి చెప్పాల్సిన మొదటి మాట.